లైను చివరి గీతలు

రిటైరయ్యాక మా చుట్టపక్కాలకు నేను పనికొస్తున్నది ఒక్క విషయంలోనే, ఫోనులో తెలుగు ఎట్లా కొట్టాలో చెప్పడంలో. పెళ్లికి పోయినా అదే, కర్మకు పోయినా అదే. పంక్తిలో కూర్చుని పప్పన్నం కలుపుతుంటే పక్కనున్నామె ఎడమచేత్తో ఫోను నా ముందుకు జరిపి "సుగుణక్కా, గీ 'క్ష' ఏడుందో జర చూపియ్యి" అంటుంది. నీటిపారుదల ఆఫీసుల్లో, ఆదిలాబాద్‌లో టైపిస్టుగా మొదలుపెట్టి, మంచిర్యాలలో స్టెనోగా ఎక్కువ కాలం పనిచేసి, కరీంనగర్‌లో దండ వేయించుకుని బయటికొచ్చిన మనిషిని. చివరికి నా దగ్గర మిగిలిన విద్య 'క్ష' ఎక్కడుందో చూపించడం.

ఆఫీసుల్లో కొత్తగా చేరుతున్న ఆపరేటర్లు కొందరు మీ అనుభవాలు రాయండి మేడం అన్నారు. ప్రమోషన్ల సంగతి రాయను. అవి అందరికీ ఒకే రకంగా, ఆలస్యంగా వస్తాయి. ఏ ఫైలు ఎట్లా కదులుతుందో కూడా రాయను, చేరిన కొద్ది రోజుల్లోనే అది మీకే తెలిసిపోతుంది. నేను రాయదలుచుకున్నది చుక్కలు, గీతలు, ఖాళీల గురించి. నవ్వకండి. సర్వీసులో నన్ను ఏడిపించినవి పెద్ద పెద్ద విషయాలేమీ కావు, ఇవే.

మిషన్ పెట్టిన అలవాట్లు

మాది మెట్‌పల్లి. బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు. మా దిక్కు దాన్ని సాంచా అంటారు. నేను టైపు నేర్చుకోవడానికి పోతున్న కొత్తలో ఒకరోజు బాపు ఆ ఇన్‌స్టిట్యూట్ ముందు సైకిలు ఆపి లోపలి చప్పుడు విన్నాడు. "సాంచా చప్పుడు తప్పించుకుంటవనుకుంటే ఇంకో సాంచా కాడికే పోతున్నవా బిడ్డా" అన్నాడు. ఆయన అన్నంతా అయింది. ఆ చప్పుడు ఆదివారాలు కూడా చెవిలో ఉండేది.

మాకు టైపు నేర్పిన సారుకు కారణాలు చెప్పే అలవాటు లేదు. ఫుల్‌స్టాప్ తర్వాత రెండు ఖాళీలు, కామా తర్వాత ఒకటి. లైను చివర గంట మోగగానే చెయ్యి లేపి బండిని కుడిపక్కకు తోయాలి. ఎందుకని అడిగితే మార్కులు పోతాయి కాబట్టి అనేవాడు. అసలు కారణం నాకు చాలా ఏళ్లకు తట్టింది. మిషన్ మీద సన్నటి అక్షరానికీ వెడల్పాటి అక్షరానికీ దాదాపు ఒకే జాగా. చుక్క పెట్టి ఒక్క ఖాళీ వదిలితే, వాక్యం అయిపోయిందో అక్షరం సరిగ్గా పడలేదో కంటికి తెలిసేది కాదు. అందుకే రెండు ఖాళీలు. కంప్యూటర్ వచ్చాక ఆ అవసరం పోయింది. బొటనవేలికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఇప్పటికీ రెండుసార్లు కొడుతుంది.

ఆశ్చర్యార్థకం సంగతి ఇంకా చిత్రం. మా పాత మిషన్ మీద దానికి మీట లేదు. పైన చిన్న గీత కొట్టి, ఒక అడుగు వెనక్కి జరిపి, దాని కింద చుక్క పెట్టాలి. అంత కష్టపడి ఆశ్చర్యపోయే తీరిక ప్రభుత్వానికి ఉండేది కాదు. ఇప్పుడు మీటింగు వాయిదా పడిందని చెప్పడానికి కూడా వరసగా అరడజను ఆశ్చర్యార్థకాలు వస్తున్నాయి. మీటింగు వాయిదా పడటంలో ఆశ్చర్యం ఏముందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, వాటితో పాటు కీబోర్డుల తగువు వచ్చింది. ఆదిలాబాద్ ఆఫీసులో ఒక వరస, మంచిర్యాలలో ఇంకో వరస, కరీంనగర్‌లో మూడోది. 'క' కోసం వేలు పెడితే 'వ' పడేది. బదిలీ ఆర్డరు వస్తే మా ఆయన ఇల్లు ఎక్కడ దొరుకుతుందని బెంగపడేవాడు, నేను 'క' ఎక్కడ దొరుకుతుందని బెంగపడేదాన్ని. ఫాంట్లు మారినప్పుడల్లా పాత ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనబడేవి. ఒక అధికారి ఆ పిచ్చిగీతలు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "మళ్లీ కొట్టేయండి" అన్నాడు, చాయ్ మళ్లీ పెట్టమన్నంత తేలిగ్గా. మొత్తం కొట్టాను, ఏం చేస్తాను.

విఠల్‌రావు గారి గీతలు

మంచిర్యాలలో మా సూపరింటెండెంటు విఠల్‌రావు గారు. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరి ఊరాయన. కోపం వస్తే మరాఠీ, నవ్వు వస్తే తెలుగు మాట్లాడేవారు. అందుకే మేము ఆయన దగ్గర ఎక్కువగా మరాఠీనే నేర్చుకున్నాం. మంచి మనిషి. కానీ ఆయనకొక పిచ్చి ఉండేది. కాగితం మీద ఏ లైను చివరా ఖాళీ ఉండకూడదు.

మీకు ఇది అర్థం కావాలంటే మిషన్ సంగతి ఇంకొంచెం చెప్పాలి. పొడుగాటి తెలుగు మాట వస్తే లైను చివర పట్టదు. దాన్ని కింది లైనుకు తీసుకుపోతే పై లైను చివర కాస్త ఖాళీ మిగులుతుంది. విఠల్‌రావు గారు కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఎవరో కాంట్రాక్టరు మనిషి ఒక ఆర్డరు కాపీలో అటువంటి ఖాళీలో ఒక మాట ఇరికించి తెచ్చాడట. విచారణ వచ్చి ఈయన మెడకు చుట్టుకుంది. ఎట్లాగో బయటపడ్డారు గానీ ఆ భయం ఆయన్ని వదలలేదు. అప్పటినుంచి ఆయన చేతి కింద ఎవరు టైపు చేసినా ప్రతి లైను చివర మిగిలిన జాగా అంతా చిన్న గీతలతో నింపాల్సిందే. "సుగుణబాయీ, కాయిదంల జాగ ఇడిసిపెట్టుడంటే తలుపు తెరిసి పండుకునుడే" అనేవారు.

మిషన్ మీద అది తెలివైన పనే. ఒకసారి గీత పడితే అక్కడే ఉంటుంది, సిరాతో పాటు కాగితంలోకి దిగిపోతుంది. కంప్యూటర్ వచ్చాక కూడా ఆయన గీతలు కొట్టించారు. కంప్యూటర్‌లో లైను అనేది నిలకడగా ఉండే వస్తువు కాదని, ఫాంటు మారితే, అంచు జరిగితే మాటలన్నీ కదిలి కొత్త వరసలో కూర్చుంటాయని ఆయనకు తెలియదు. ఆయన పుట్టి బుద్ధెరిగి లైను కదలడం చూడలేదు. నేను ఒకటి రెండుసార్లు చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి "గీతలుంటే నష్టమేంది" అన్నారు. నేనూ ఫైలు మూసుకుని ఊరుకున్నాను.

రజియా

రజియా భర్త మా ఆఫీసు జీపు నడిపేవాడు. ఒక ఉదయం ఇంట్లో చాయ్ తాగుతూ గుండెపోటుతో పోయాడు. అప్పటికి రజియాకు చిన్న పిల్లలు ఇద్దరు. భర్త పోయినవాళ్లకు ఇచ్చే ఉద్యోగం ఆమెకు ఇప్పించడానికి ఆ ఫైలు చంకన పెట్టుకుని ఆదిలాబాద్, హైదరాబాద్ తిరిగింది విఠల్‌రావు గారే. తన టీఏ కూడా రాసుకోలేదు. ఆ ఫైలు ఎక్కడ ఆగితే అక్కడ కూర్చుని మరాఠీలో గొణిగేవారట.

అట్లా ఆమె మా దగ్గర టైపిస్టుగా చేరింది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, ఆఫీసులో చక్కటి తెలుగు. నేనే నేర్పాను. నేర్పింది నేర్పినట్టు చేసేది, అదే ఆమె గుణం, అదే ఆమెకు చిక్కు కూడా. విఠల్‌రావు గారు గీతలు కొట్టమంటే ఆమె లైను చివర ఎంత జాగా మిగిలిందో కంటితో కొలిచి సరిగ్గా అన్నే గీతలు కొట్టేది. ఆమె కొట్టిన కాగితం చూస్తే నేసిన బట్టకు అంచు వేసినట్టు ఉండేది. ఆ పని చూసి నాకు ముచ్చటేసేది, చెయ్యాల్సి వచ్చినందుకు ఒళ్లు మండేది.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ప్రొబేషన్‌లో ఉంది. ఆ సమయంలో ఫైలులో ఒక్క చెడ్డ కాగితం చేరినా అంతే సంగతులు, ఖాయం చేయడం ఆగిపోతుంది, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. అది ఆఫీసులో అందరికీ తెలుసు.

గీతలు నడిచాయి

యాసంగి పంటకు కాలువ నీళ్లు వదిలే ముందు ఏ ఊరికి ఏ రోజు వంతో రైతులకు నోటీసు ఇస్తాం. ఆ ఏడు నోటీసు రజియా కొట్టింది, పాత ఫాంటులో, వంతుల పట్టిక పక్కన ఇరుకు వరసలో, ప్రతి లైను చివరా గీతలతో. అదే సమయంలో ఇకనుంచి అన్నీ యూనికోడ్‌లోనే పంపాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. కంప్యూటర్ గదిలో ప్రణీత అని కరీంనగర్ పిల్ల ఔట్‌సోర్సింగ్ ఆపరేటరుగా ఉండేది. ఇంజినీరింగ్ చదివింది. రజియా ఫైలు మొత్తం కన్వర్టరులో వేసి యూనికోడ్ ఫాంటులోకి మార్చింది, పంచాయతీలకు మెయిల్ చేసింది. తనకు చెప్పిన పని అదే. చదవమని ఎవరూ చెప్పలేదు.

కొత్త ఫాంటులో అక్షరాలు సన్నగా ఉంటాయి. లైనులు పైకి జరిగాయి. చివర ఉండాల్సిన గీతలు నడుచుకుంటూ వాక్యాల మధ్యకు వచ్చి కూర్చున్నాయి. పంచాయతీల్లో అట్లాగే ప్రింటు తీసి పంచారు. రైతు చేతికి అందిన కాగితంలో ఇట్లా ఉంది:

"ఆయకట్టు రైతులు ---------- తమ వంతు రోజున ---------- వచ్చి, నీరు ------- వాడుకొనవలెను."

రైతులు ఏం చేస్తారు? సర్కారు కాగితంలో గీతలుంటే నింపాలని చిన్నప్పటినుంచి నేర్చుకున్నాం కదా. నింపారు. మొదటి గీత మీద పేరు, రెండో గీత మీద పొద్దున అనో, జల్దీ అనో, ఇద్దరం అనో. కొందరు వేలిముద్ర కూడా వేశారు. నింపి, భద్రంగా మడిచి, మా ఆఫీసుకు తెచ్చి ఇచ్చారు. ఇన్‌వార్డు బల్ల మీద కట్టలు పెరుగుతుంటే ఏం కాగితాలివని చూసి నేను నెత్తి పట్టుకున్నాను.

చెన్నూరు దిక్కు కాలువ చివరనున్న ఊరి రైతు పోశం మూడో గీతను కూడా వదల్లేదు. అక్కడ 'వస్తే' అని ఒకే మాట రాశాడు. "నీరు వస్తే వాడుకొనవలెను."

ఆ కాగితాన్ని ఎవరో ఫోటో తీశారు. ఊరి గ్రూపులోంచి మండలం గ్రూపులోకి, అక్కడినుంచి లోకల్ పేపరులోకి వెళ్లింది. నీళ్లు వస్తాయన్న నమ్మకం లేదని ఆఫీసే ఒప్పుకుందని జనం నవ్వుకున్నారు. పై ఆఫీసునుంచి మా ఈఈ గారికి, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు, ఫోను వచ్చింది. ఆయన ఆ ఫోను పెట్టేసి మొదట చేసిన పని, నోటీసు కొట్టింది ఎవరని అడగడం. నీళ్లు ఎందుకు రావడం లేదని అడగలేదు. మీరు ఉద్యోగంలో చేరుతున్నారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను, ఏ ఆఫీసులోనైనా మొదటి ప్రశ్న ఇదే ఉంటుంది. నాకు అప్పుడూ చిరాకే, ఇప్పుడూ చిరాకే.

మెమో

బాధ్యత లేకుండా ఖాళీలు వదిలి ప్రభుత్వ పరువు తీసినందుకు చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపమని రజియాకు మెమో. నాకు డిక్టేట్ చేసి, నా చేతనే కొట్టించారు. ఖాళీలు వదలకూడదని ప్రాణం పెట్టి గీతలు కొట్టిన పిల్లకు ఖాళీలు వదిలావని మెమో కొడుతూ ప్రతి మీటనూ గుద్దాను.

మధ్యాహ్నం టిఫిను డబ్బా ముందు పెట్టుకుని రజియాకు చెప్పాను, సూపరింటెండెంటు గారు కొట్టమన్నారు కాబట్టి కొట్టానని రాయి, నేను సాక్ష్యం చెబుతానని. ఆమె తల అడ్డంగా ఊపింది.

"రాయనక్కా. మా ఆయన పోయినంక ఇంటికొచ్చి సలాం చేసిపోయినోళ్లు మస్తు మంది. ఫైలు పట్టుకొని తిరిగింది గా సారొక్కడే. ఆయన పేరు నా చేత్తోని ఎట్ల రాస్త?"

మరి నీ ఉద్యోగం, పిల్లల సంగతి ఏమిటన్నాను.

"ఏమన్న గానీ. ఇంకేదన్న పని చేసుకుంట" అంది, రొట్టె తుంచుతూనే. ఇంకేదన్న పని అంటే ఏమిటో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఊళ్లో దర్జీ దుకాణానికి గుండీలు కుట్టడం, దాంతో ఇద్దరు పిల్లలు బతకాలి. ఆ మంచితనం చూస్తే నాకు కళ్లనీళ్లు రావాల్సింది పోయి ఒళ్లు మండింది. నేరుగా విఠల్‌రావు గారి దగ్గరికి పోయాను.

ఆయన మెమో సంగతి అప్పటికే విన్నారు. రెండు రోజులుగా ఎవరి మొహమూ చూడకుండా తిరుగుతున్నారు. నాకు కారణం తెలుసు. ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది, పెన్షను కాగితాలు పైకి పోయాయి. ఈ సమయంలో ఆయన పేరు మీద విచారణ అని ఒక్క మాట పడితే పెన్షను ఎప్పటికి వస్తుందో దేవుడికే తెలియాలి. అదంతా తెలిసి కూడా నేను ఆయన్ని చెయ్యి పట్టుకున్నంత పని చేసి రజియా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. నోటీసు తెరిచాను. పాత ఫాంటులో గీతలన్నీ చివర బుద్ధిగా ఉన్నాయి. ఆయన చూసి "మంచిగనే ఉన్నయి కద" అన్నారు.

ప్రణీత వాడిన కన్వర్టరుతోనే యూనికోడ్‌లోకి మార్చాను. ఆయన కళ్ల ముందే గీతలు కదిలి వాక్యాల మధ్యకు పోయాయి. మళ్లీ పాతది పెట్టాను, చివరికి వచ్చాయి. మళ్లీ మార్చాను. ఆయన కుర్చీలో ముందుకు వంగి తెర మీద వేలు పెట్టారు, గీతలను అక్కడే పట్టి ఆపుదామన్నట్టు.

"అంటే ఇండ్ల లైనే ఆగదా?" అన్నారు.

ఆగదు సార్ అన్నాను. ఆయన లేచి, కోటు గుండీ పెట్టుకుని, ఈఈ గారి గదివైపు నడిచారు. మరాఠీలో ఏమీ గొణగలేదు. అందుకే నాకు భయమేసింది.

ఈఈ గారి గదిలో

స్టెనోని కాబట్టి నోట్‌బుక్ పట్టుకుని నేనూ వెనకే పోయాను. విఠల్‌రావు గారు కూర్చోలేదు.

"సార్, గా గీతలు నేను పెట్టిపిచ్చిన. పిల్లది నేను చెప్పినట్టు కొట్టింది. మెమో ఇయ్యాలంటే నాకియ్యిండ్రి."

ఈఈ గారు కళ్లజోడు తీశారు. "అన్ని గీతలు ఎందుకు పెట్టించారండీ?"

"ఎవ్వరు మధ్యల ఏం రాయొద్దని సార్."

ఈఈ గారి బల్ల మీద పోశం నింపిన నోటీసు ఉంది. ఆయన దాన్ని చూశారు, విఠల్‌రావు గారిని చూశారు, మళ్లీ దాన్ని చూశారు. కేకలు మొదలవుతాయని నేను పెన్ను గట్టిగా పట్టుకున్నాను. ఆయన నవ్వారు. ముందు మెల్లగా, తర్వాత ఆపుకోలేక, మేజా మీద చెయ్యి ఆనించి నవ్వారు. విఠల్‌రావు గారు మాత్రం నవ్వలేదు, తప్పు చేసిన మొహంతో అట్లాగే నిలబడ్డారు. నవ్వు ఆగాక ఈఈ గారు మొట్టమొదటిసారి అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఇంతకీ ఈ పోశం ఊరికి నీళ్లు వస్తున్నాయా అని. గదిలో ఉన్న ముగ్గురిలో ఒక్కరికీ జవాబు తెలియదు.

మరుసటి రోజు జీపులో పోయాం. కాలువ చివరి దాకా ఈఈ గారు అంతకుముందు పోలేదని దారి అడుగుతుంటేనే తెలిసింది. పైఊరి తూము దగ్గర షట్టరు విరిగి ఉంది. నీళ్లన్నీ అక్కడే పక్కకు పోతున్నాయి. పోశం పొలం దగ్గర కాలువలో పల్లేరుకాయలు మొలిచాయి. ఈఈ గారు కాస్త గట్టిగానే అడిగారు, సర్కారు కాగితంలో అట్లా రాయవచ్చా అని. పోశం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. భయపడలేదు, వెటకారమూ చేయలేదు.

"మీరే గీతలు పెట్టి తోలిండ్రు కద సారు, రాయుమని. ఇన్నేండ్లల్ల మీ కాయిదంల మాకు రాసుకునేతందుకు జాగ ఇచ్చుడు గిదే మొదలు. ఉన్నది ఉన్నట్టు రాసిన."

నేను ఆ మాట షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నాను. ఈఈ గారు చెప్పలేదు, నేనే రాసుకున్నాను. షట్టరు బాగుచేశారు. నీళ్లు ఆలస్యంగానైనా ఆ యాసంగికి పోశం మడి దాకా పోయాయి. రజియా మీద మెమో మూసేశారు. మూసే కాగితంలో 'సాంకేతిక కారణముల వలన' అని రాయించారు. ఫాంటు మారడం సాంకేతికమేమో గానీ, ఒక్కరంటే ఒక్కరు చదవకపోవడం ఏ సాంకేతికమో నాకు తెలియదు. విఠల్‌రావు గారి పెన్షనుకు అడ్డేమీ రాలేదు. రజియా ఉద్యోగం ఖాయమైంది. ఆ ఆర్డరు నేనే కొట్టాను, ఫుల్‌స్టాప్ తర్వాత రెండు ఖాళీలు వదిలి, తీరిగ్గా.

ఆ తర్వాత ఈఈ గారు నోటీసు కింద 'మీ మాట ఇక్కడ రాయండి' అని పెట్టి గీతలు గీయించమన్నారు. రజియా కొడుతుంటే విఠల్‌రావు గారు వెనక నిలబడి చూసి, "గింతేనా, ఇంకో రెండు లైన్లు పెట్టు బేటీ, పోశం అక్షరాలు పెద్దగుంటయి" అన్నారు. ఖాళీ అంటే వణికిపోయిన మనిషి ఆయనేనా అని నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన నావైపు చూడలేదు.

ఇప్పటి సంగతి

నేను బదిలీ మీద కరీంనగర్ వచ్చేసరికి అధికారులు టైపు మాట అటుంచి డిక్టేషన్ కూడా మానేశారు. ఫోనులో మాట్లాడితే అక్షరాలు పడుతున్నాయి. చుక్క లేదు, కామా లేదు, టూర్ ప్రోగ్రాం మొదలుకొని చివరన డ్రైవరును తిట్టిన తిట్టు దాకా ఒకే వాక్యం. చుక్కలు పెట్టి ఇస్తే ఒక అధికారి "ఎందుకు మేడం అవి, లైను మారిస్తే సరిపోద్ది" అన్నాడు. ఏ మాట ఎక్కడ ఆగిందో చెప్పేది ఆ చుక్కే. సగం తగాదాలు అక్కడే మొదలవుతాయి. కానీ చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది.

ప్రణీతకు కూడా కరీంనగర్‌కే మారడం కుదిరింది. ఇప్పుడు ఆ ఆఫీసు కంప్యూటర్ గదికి ఆమే పెద్ద. మంచి పిల్ల. ఒకరోజు ఆమె పంపిన మెసేజీకి "సరే." అని జవాబిచ్చాను. కాసేపటికి పరుగెత్తుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. "మేడం, కోపమచ్చిందా? ఫుల్‌స్టాప్ పెట్టిండ్రు." ఫోనులో మాట చివర చుక్క పెడితే కోపమని లెక్కట. బతుకంతా పెట్టిన చుక్కలన్నీ కోపాలే అయితే నా అంత కోపిష్టి ఈ ఉత్తర తెలంగాణలోనే లేదన్నాను. ఆమె నవ్వింది, నేను చుక్కలు మానలేదు.

కిందటేడు నోటీసులన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. నేను అప్పటికి రిటైరయ్యాను. మంచిర్యాలలో ఇప్పుడు సీనియర్ అయిన రజియా ఫోను చేసి చెప్పింది, నోటీసు కింది గీతలు తీసేశారని. ప్రణీతను అడిగితే తప్పు ఆమెది కాదు. ఆ ఫార్మాటు గీతలను చెత్త కింద లెక్కగట్టి తీసేస్తుందట, అభ్యంతరాలు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చట. పోశం ఆన్‌లైన్‌లో పెట్టుకోవడం నా కళ్ల ముందు కనబడి ఫోను పెట్టేశాను.

మొన్న మా చెల్లె మనవరాలి చెవులు కుట్టించడానికి చెన్నూరు పోయాం. దారిలో పోశం ఊరి పంచాయతీ ఆఫీసు ముందు ఆటో ఆగితే గోడ మీద మా నోటీసు కనబడి దిగాను. పాత అలవాటు, కాగితం కనబడితే చదవాలి. శుభ్రంగా ఉంది, రెండు అంచులూ సమానంగా, ఎక్కడా గీత లేదు. కింద తెల్లటి జాగాలో మాత్రం ఎవరో పెన్నుతో, ఏదో చెక్క ఆనించి, తిన్నగా గీతలు గీశారు. మొదటి గీత మీద రాసి ఉంది: "నీళ్లు ఒక్కనాడు వచ్చి బందైనయి. షట్టరు మళ్ల చూడుండ్రి. పోశం." దాని కింద వేరే చేతిరాతలో ఇంకొకరి పేరు. దాని కింద ఇంకో గీత గీసి ఉంది. దాని మీద ఏమీ లేదు. తర్వాత వచ్చేవాళ్ల కోసం వదిలిపెట్టారు.

ఎండలో నిలబడి ఫోటో తీశాను. ఆటోలోంచి మా చెల్లె పిలుస్తూనే ఉంది. రజియాకు పంపాను. నిమిషం తిరక్కముందే జవాబు వచ్చింది.

"గీతలు మళ్ల పెడుతున్న అక్కా. ఎవలు తీస్తరో చూస్త."

చివర చుక్క ఉంది. ప్రణీత చెప్పిన లెక్క ప్రకారం అది కోపం. ఈ ఒక్కసారికి ఆ లెక్క ఒప్పుకుని, "సరే." అని చుక్క పెట్టి పంపాను.